ఇంటిపేరు పింగళివారు

మాది పెద్దమండ్యం. మదనపల్లెలో కాపురం పెట్టి, కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ ఇన్నేళ్లు గడిచినా, ఆగస్టు నెల వచ్చిందంటే మా ఊరివాళ్లు నన్ను మరిచిపోరు. "మనూరోడు, పెద్ద సదువు సదివినోడు, వచ్చి జెండాకాడ నాలుగు మాటలు చెప్తాడు" అని వాళ్లు అనుకోవడమూ, నేను ముందురోజు రాత్రే ఉపన్యాసం వ్రాసుకుని తెల్లవారుజామున బస్సెక్కడమూ ఆనవాయితీ అయిపోయింది. ఉపన్యాసం కంటే మిఠాయి ముందుగా పంచితే బాగుండునని పిల్లల ముఖాలు చెబుతూనే ఉంటాయి. అది నాకు తెలియకపోలేదు. అయినా మైకు చేతికి వచ్చిన తెలుగు మాస్టరు తొందరగా దిగాడని ఎక్కడైనా విన్నారా?

క్రిందటి ఆగస్టులో జెండా సంగతే ఎత్తుకున్నాను. పింగళి వెంకయ్యగారి కథ చెప్పాను. చెబుతూ చెబుతూ కాస్త ఊపు వచ్చింది. "అసలు ఆ ఇంటిపేరులోనే ఏదో మహిమ ఉంది! మహాకవి పింగళివారే, ఆచార్యుడు పింగళివారే, సినిమా రచయిత పింగళివారే!" అన్నాను. చప్పట్లు బాగానే మోగాయి.

మెట్లు దిగుతూ ఉంటే ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు ఎదురొచ్చి నిలబడ్డాడు.

"సార్, మా యింటిపేరోళ్లల్లో గొప్పోళ్లు ఎవురన్నా ఉండారా సార్?"

ఇంటిపేరేమిటని అడిగాను. చెప్పాడు. ఆ పేరు ఇక్కడ వ్రాయను. మా సీమలో అదొక చిన్న పల్లె పేరు. కవుల చరిత్రలు, శాసనాలు, స్వాతంత్ర్య సమరయోధుల జాబితాలు అన్నీ మనస్సులో తిరగేశాను. ఒక్కరూ తట్టలేదు. "చూసి చెప్తాలేరా" అన్నాను. వాడు "సరే సార్" అని తలూపాడు. వాడి వెనకాల నిలబడ్డ ఇద్దరు ముగ్గురు పిల్లలు కిసుక్కున నవ్వారు. అప్పుడు గాని నాకు తెలిసిరాలేదు, నా ఊపు ఉపన్యాసం ఆ కుర్రవాణ్ని ఎక్కడ నిలబెట్టిందో.

చెదలు తిన్న శతకం

ఈ బాధ నాకు తెలియనిది కాదు. ఎం.ఏ. చదివే రోజుల్లో రాత్రిపూట హాస్టల్లో కూర్చుని ఎవరి వంశంలో ఏ కవి పుట్టాడో, ఎవరి ముత్తాత ఏ అవధానం చేశాడో చెప్పుకునేవాళ్లు. నా వంతు వచ్చింది. మా ఇంట్లో నాలుగు తరాలు వెనక్కు పోయినా వేరుశనగ, రాగులు తప్ప మరొకటి పండలేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. మా ముత్తాతకు వేలువిడిచిన మేనమామ ఒకాయన శతకం వ్రాశాడని చెప్పేశాను. "ఏదీ, ఒక పద్యం చదువు" అన్నాడు ఒక మిత్రుడు. తాటాకుల్ని చెదలు తినేశాయన్నాను. ఆ చెదలు ఇప్పటికీ అప్పుడప్పుడు నన్ను కొరుకుతూనే ఉంటాయి.

అందుకని ఆ రోజు బస్సులో మదనపల్లెకు తిరిగి వస్తూ ఒక నిర్ణయానికి వచ్చాను. మహిమ ఉందని బల్లగుద్ది చెప్పానే, ఆ పింగళివారి సంగతేమిటో సరిగా విచారించాలి. ఇంటిపేరులో నిజంగా మహిమ ఉంటే కుర్రవాడికి ఆ మాటే చెప్పాలి. లేకపోతే నా తప్పు ఒప్పుకోవాలి.

పింగళ, పింగళి, పింగళే

ఛందస్సు పాఠం చెప్పేటప్పుడు ఏటా ఒక విద్యార్థి అయినా అడుగుతాడు: "ఛందశ్శాస్త్రం వ్రాసిన పింగళుడు పింగళివారికి పూర్వీకుడా అండీ?" కాదు. సంస్కృతంలో పింగళమంటే గోరోచనం వంటి ఎరుపు పసుపుల కలయిక. మన అరవై సంవత్సరాల్లో పింగళ ఒకటి. యోగశాస్త్రం తెలిసినవారు ఇడ, పింగళ, సుషుమ్న అంటారు. మహారాష్ట్రులలో పింగళేవారున్నారు. 1674లో శివాజీ పట్టాభిషేకం నాటి పీష్వా మోరోపంత్ పింగళే, గదర్ విప్లవంలో పాల్గొని 1915లో ఉరికంబమెక్కిన విష్ణు గణేశ్ పింగళే ఆ ఇంటిపేరువారే. పేర్లు ఒక్కలాగే వినిపిస్తాయి గాని చుట్టరికం కలపడానికి ఆధారమేమీ లేదు.

తెలుగువాళ్ల ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ల పేర్లే. ఒక ఊరినుంచి లేచి మరొక ఊరికి పోయినవాణ్ని అక్కడివాళ్లు "ఫలానా ఊరాయన" అంటారు. రెండు తరాలు గడిచేసరికి అదే ఇంటిపేరై కూర్చుంటుంది. ఉన్న ఊళ్లోనే ఉన్నవాడికి ఆ పేరుతో పనిలేదు. పెద్దమండ్యంలో పుట్టి పెద్దమండ్యంలోనే మట్టిలో కలిసినవాణ్ని పెద్దమండ్యంవాడని పిలిచేదెవరు? అంచేత ఊరిపేరు ఇంటిపేరుగా ఉన్నదంటే, ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడో మూటాముల్లే సర్దుకుని బయలుదేరారని అర్థం. కరువో, కొలువో, పిల్లనిచ్చిన మామగారో, కారణం ఏదైనా కావచ్చు.

పింగళి కూడా అటువంటిదే. ఒకే ఊరినుంచి రకరకాలవాళ్లు రకరకాల కాలాల్లో కదిలిపోతారు కాబట్టి, ఒకే ఇంటిపేరు వేరువేరు కులాల్లో కనబడుతుంది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన నెత్తురు కలిసినట్టు కాదు.

సూరన్న

ఈ పేరును మొట్టమొదట లోకానికి ఎరుకపరచినవాడు 16వ శతాబ్దపు పింగళి సూరన. అష్టదిగ్గజాల్లో ఒకడని లోకం చెప్పుకుంటుంది గాని, కాలం లెక్కకట్టిన పండితులు ఆయన కృష్ణదేవరాయలకు తరువాతివాడే అంటారు. పురాణంలో ఉన్న కథను పెంచి వ్రాయడమే ప్రబంధమని అందరూ అనుకునే రోజుల్లో, ఆయన ఏ పురాణంలోనూ లేని కథను సొంతంగా అల్లి 'కళాపూర్ణోదయం' వ్రాశాడు. దాన్ని మన సీమలోని నంద్యాల ప్రభువు కృష్ణరాజుకు అంకితమిచ్చాడు. 'రాఘవపాండవీయం'లో ఒకే పద్యాన్ని ఒకవైపు చదివితే రామాయణం, మరొకవైపు చదివితే భారతం. 'ప్రభావతీ ప్రద్యుమ్నం' మాత్రం ఏ రాజుకూ ఇవ్వక కన్నతండ్రికే అంకితం చేశాడు.

ఆ వంశం మూలపురుషుల్లో ఒకాయన పేకి అనే రక్కసిని లొంగదీసి ఇంటిచాకిరీ చేయించుకున్నాడని ఒక కథ ఉంది. ఈ కథ చెప్పినప్పుడల్లా నా శ్రీమతి, "మీ వంశంలోనూ ఉంటే బాగుండేది. పనిమనిషి మానేసి నెలైంది" అంటుంది.

మూడువందల ఏళ్ల పైచిలుకు తరువాత ఈ సూరన్న గొప్పతనాన్ని కొత్త కళ్లతో చూసి చెప్పినవాడు మా చిత్తూరువాడే. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో వెలువడిన 'కవిత్వతత్త్వ విచారము'లో కళాపూర్ణోదయాన్ని పరీక్షకు పెట్టి, సూరన కల్పనాశక్తిని వేనోళ్ల పొగిడారు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్లు కళాపూర్ణోదయాన్ని ఇంగ్లీషులోకి దించారు. ఇంటిపేరు మహిమే అయితే ఇంతమంది ఇంత శ్రమపడనక్కరలేదు. పుస్తకంలో సరుకుండబట్టి పడ్డారు.

తరువాత మరొక చిత్రం. ఇదే ఇంటిపేరుగల ఎల్లనార్యుడు 'తోభ్య చరిత్ర' అని క్రైస్తవ కథను తెలుగు పద్యాల్లో కావ్యం చేశాడు. ఇంటిపేరుకు మతం కూడా అడ్డం రాలేదన్నమాట!

మూడు గంటల జెండా

ఇక వెంకయ్యగారు. బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. పందొమ్మిదేళ్లకే సైన్యంలో చేరి దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధానికి వెళ్లారు. అక్కడే గాంధీగారితో పరిచయం. తిరిగివచ్చాక ఆయన పట్టని పని లేదు. కంబోడియా పత్తిమీద పరిశోధన చేస్తే 'పత్తి వెంకయ్య' అన్నారు. జపాను భాష నేర్చి సభలో ఉపన్యాసమిస్తే 'జపాన్ వెంకయ్య' అన్నారు. వజ్రాల గనుల విషయం శోధిస్తే 'వజ్రాల వెంకయ్య' అన్నారు. చివరకు 'జెండా వెంకయ్య' అన్నారు. గమనించారా? జనం ఆయనకు ఇన్ని ఇంటిపేర్లు పెట్టారు గాని, వాటిలో ఒక్కటీ పుట్టుకతో వచ్చింది కాదు. అన్నీ పనితో వచ్చినవే.

1916లో ఆయన ఇతర దేశాల జెండాల వివరాలు చేర్చి, మన దేశానికి పనికివచ్చే నమూనాలు గీసి ఒక పుస్తకం వేశారు. అప్పట్లో బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో పనిచేసేవారు. ఏటా కాంగ్రెసు మహాసభలకు వెళ్లడం, జెండా సంగతి ఎత్తడం, ఎవరూ పట్టించుకోకపోతే తిరిగి రావడం. ఆ పట్టుదలను మెచ్చుకున్నాను గాని, నాలుగేళ్లపాటు నాకే ఉత్సాహం కలగలేదని గాంధీగారే తరువాత వ్రాశారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ జరిగింది. రాట్నం ఉంటే బాగుంటుందని జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ సూచించారు. ఎరుపు, ఆకుపచ్చ రంగులమీద రాట్నం వేసి ఒక నమూనా ఇమ్మని గాంధీగారు వెంకయ్యగారిని అడిగారు. మూడు గంటల్లో జెండా చేతికిచ్చారు! అయినా కమిటీ ముందు పెట్టడానికి కొంచెం ఆలస్యమైపోయింది. ఆ ఆలస్యమే మంచిదైంది. గాంధీగారు ఆలోచించి, మిగిలినవారందరికీ గుర్తుగా తెలుపు చేర్చమన్నారు. 1931లో ఎరుపు స్థానంలో కాషాయం వచ్చింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించినప్పుడు రాట్నం స్థానంలో అశోకచక్రం వచ్చింది.

మూడు గంటల్లో అయిన పని వెనుక అయిదేళ్ల తపస్సు ఉందని పిల్లలకు చెప్పడం ఆ రోజు మరిచిపోయాను. ఆ జెండా ఎర్రకోటమీద ఎగిరిన తరువాత పదహారేళ్లు బ్రతికి, 1963లో బీదతనంలోనే వెంకయ్యగారు కన్నుమూశారని కూడా చెప్పలేదు. తపాలాబిళ్ల 2009లో వచ్చింది. ఇంటిపేరు ఆయనకు అన్నం పెట్టలేదు.

అన్నట్టు, మదనపల్లెవాళ్లం ఈ విషయంలో కాస్త గర్వపడవచ్చు. జెండా బెజవాడలో రూపు కట్టడానికి రెండేళ్ల ముందు, 1919లో, రవీంద్రనాథ ఠాకూరు మా మదనపల్లె బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేసి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. అక్కడే మార్గరెట్ కజిన్స్ గారు దాని బాణీని స్వరాల్లో పొందుపరచారు.

మాటలు పుట్టించినాయన, మాటలు తూచినాయన

పింగళి నాగేంద్రరావుగారు 1901లో బొబ్బిలి దగ్గర రాజాంలో పుట్టారు. చదువుకున్నది బందరులో. రైల్వే ఉద్యోగం చూశారు, నాటకాలు వ్రాశారు. సినిమాలకు వచ్చి 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957), 'జగదేకవీరుని కథ' (1961) వ్రాశారు. 'మిస్సమ్మ', 'గుండమ్మకథ'ల పాటలు ఆయనవే. మనం ఇంట్లో అనుకునే 'అసమదీయులు, తసమదీయులు', భోజనాల దగ్గర వేసే 'వీరతాళ్లు', పిల్లలు ఆటల్లో అరిచే 'డింభకా' ఎవరి కలం చలవో వేరే చెప్పాలా? మాటలు ఎవరో ఒకరు పుట్టించాలన్న సంగతిని ఘటోత్కచుడి చేత చెప్పించి, తాను చేసి చూపించారు. పెళ్లి చేసుకోలేదు. 1971లో పోయారు. ఆయన ఇంటి పేరు నిలిపినది సంతానం కాదు, ఆ మాటలు.

మరుసటి ఏడే, 1972లో, పింగళి లక్ష్మీకాంతంగారు పోయారు. ఆయన మాటలు పుట్టించినవారు కాదు, తూచినవారు. తెలుగు ఎం.ఏ. చదివినవాడెవడూ ఆయన 'సాహిత్యశిల్ప సమీక్ష' దాటిపోలేడు. నా ప్రతిలో అడుగున గీతలు గీయని పుట లేదు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి శిష్యులు. సహాధ్యాయి కాటూరి వేంకటేశ్వరరావుగారితో కలిసి 'సౌందరనందము' వ్రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, తరువాత తిరుపతిలోనూ తెలుగు ఆచార్యులు.

ఇక్కడొక విశేషం చెప్పాలి. తిరుపతి వేంకటకవులు తమ పేర్లు కలుపుకుని జంట అయ్యారు. ఈ శిష్యులిద్దరూ ఇంటిపేర్లు కలుపుకుని పింగళి కాటూరి కవులయ్యారు. రెండు ఇళ్లవాళ్లు కలిసి ఒక కావ్యం వ్రాస్తే, ఏ పద్యం ఏ ఇంటిదని విడదీయగలవాడెవడు?

న్యాయమూర్తి మొదలు ఈనాటి వరకు

కృష్ణ దాటి ఓరుగల్లు వైపు వెళితే అక్కడా పింగళివారున్నారు. వీరు రెడ్లు. ఇంగ్లీషులో పింగ్లే అని పలికేటట్టు వ్రాసుకున్నారు. హనుమకొండ వడ్డేపల్లిలో ఆడపిల్లల ప్రభుత్వ కళాశాల ఒకటి ఆ పేరుతోనే ఉంది. పింగళి జగన్మోహన్ రెడ్డిగారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయి, 1969లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదముగ్గురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చు గాని దాని మౌలిక స్వరూపాన్ని చెరపకూడదని ఏడుగురు ఒకవైపు, ఆరుగురు మరొకవైపు. ఆ ఏడుగురిలో జగన్మోహన్ రెడ్డిగారు ఒకరు. ఒక్క మనిషి అటు వాలితే ఏమయ్యేదో!

'ఎన్‌కౌంటర్' పత్రిక నడిపిన పింగళి దశరథరామ్‌ను 1985లో విజయవాడలో హత్య చేశారు. చిట్టగాంగు విప్లవ వనితల గురించి వ్రాసిన పింగళి చైతన్యకు 2016లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది.

కవి, సైనికుడు, సినిమా రచయిత, ఆచార్యుడు, న్యాయమూర్తి, పత్రికాకారుడు, కథకురాలు! వీళ్లందరినీ ఒక పందిట్లో కూర్చోబెడితే ఒకరినొకరు 'మనవాడే' అనుకోవడానికి ఇంటిపేరు తప్ప మరేమీ లేదు. ఇందరిలో ఏ ఒక్కరూ ఆ పేరువల్ల గొప్పవారు కాలేదు. సూరన్నకు ముందు పింగళి అంటే ఒక ఊరు, అంతే. వీళ్లే తలా కాస్త చేర్చి దాన్ని బరువెక్కించారు. "ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లు గబ్బిలాల కంపు" అని మనవాళ్లు ఊరికే అన్నారా?

ఇక మాకు దగ్గరలోని సంగతి. గుర్రంకొండ పక్కన తరిగొండలో 18వ శతాబ్దంలో ఒక ఆడపిల్ల పుట్టింది. చిన్నతనంలోనే భర్త పోయాడు. లోకం పెట్టిన ఆంక్షలకు తలవంచక, నృసింహస్వామిని నమ్ముకుని, పద్యాలు చెప్పి, తిరుమల చేరి 'వేంకటాచల మాహాత్మ్యము' వ్రాసింది. పుట్టింటివారి పేరేమిటో, మెట్టినింటివారి పేరేమిటో ఈనాడు అడిగితే చెప్పగలవారు తక్కువ. తరిగొండ వెంగమాంబ అంటే చాలు. ఈనాడు తిరుమలలో యాత్రికులు భోంచేసే అన్నప్రసాద కేంద్రం ఆమె పేరుమీదే ఉంది. ఊరి పేరునే ఇంటిపేరు చేసుకుని, ఆ ఊరికి పేరు తెచ్చిన తల్లి.

అమ్మ చెప్పిన మాట

ఇంత విచారించాక, కుర్రవాడికి చెప్పవలసిన జవాబు సిద్ధమైందనుకున్నాను. దసరా సెలవుల్లో ఊరికి వెళ్లాను. రాత్రి భోజనాల దగ్గర మాటల్లో అమ్మతో ఆ ఇంటిపేరు చెప్పి, "ఆ ఇంట్లో పేరుపడ్డవాళ్లు ఎవరూ లేరు పాపం" అన్నాను.

అమ్మ గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"ఆ యింటోళ్లు నీకు తెలీకపోవడమేంది నాయనా! బడికాడి బావి తవ్వింది ఆ పిల్లోని జేజినాయనే గదా. ఆ కరువు సంవత్సరం ఊరంతా ఆడోళ్లం బిందెలెత్తుకోని వంకకాడికి పోయి సెలమలు తోడుకునేవాళ్లం. రాయి పడింది, నీళ్లు రావని కూలోళ్లంతా ఎళ్లిపోయినారు. ఆయప్ప ఒక్కడే కొడుకును పైన పెట్టుకోని నెలదినాలు ఆ రాయి కొట్టినాడు. ఆ నీళ్లు తాగే గదా నువ్వు సదువుకునింది!"

నా నోట మాట రాలేదు. అయిదేళ్లు ఆ బావిగట్టున పలక కడుక్కున్నాను. ఎవరు తవ్వారని ఒక్కనాడూ అడగలేదు. ఆగస్టు పదిహేనున నేను నిలబడి ఇంటిపేర్ల మహిమ చెప్పిన చోటికి ఆ బావి యాభై అడుగుల దూరం కూడా ఉండదు.

మరునాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. కుర్రవాడు వాకిట్లో మేకకు రొట్ట కోస్తున్నాడు. అమ్మ చెప్పినదంతా చెప్పాను. బళ్లో ఆ రోజు నేను తెలియక మాట్లాడానని కూడా చెప్పాను. వాడు కొంతసేపు ఊరుకుని, "మా జేజినాయన రాళ్లు కొట్టేవోడని తెలుసు సార్. అది గొప్పని తెలీదు" అన్నాడు.

బావి ఇప్పుడు ఎండిపోయి ఉంది. చుట్టూ ముళ్లకంప వేశారు. వచ్చే ఆగస్టుకు ఆ గట్టుమీద ఒక చిన్న రాయి నాటించి, తవ్వినాయన పేరు ఇంటిపేరుతో సహా చెక్కించాలని బడిపెద్దలతో మాట్లాడి వచ్చాను. ఒప్పుకున్నారు. ఖర్చు నాదన్నాను. హాస్టల్లో ఆడిన ఆ శతకం అబద్ధానికి ఇన్నేళ్లకు కట్టే జరిమానా అనుకుంటే, అదేమంత పెద్ద మొత్తం కాదు.